నిర్ణయం ఇద్దరిదీ, ఆపరేషన్ ఆమెది

ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో ప్రసూతి వార్డు ముందు వరండాలో ఒక పూట కూర్చున్న వారెవరికైనా ఈ దృశ్యం పరిచయమే. రెండో కాన్పుకు వచ్చిన అమ్మాయిని లోపల సిజేరియన్‌కు సిద్ధం చేస్తుంటారు. నర్సు కాగితాలు పట్టుకుని బయటికి వచ్చి "ఆపరేషన్ కూడా చేసెయ్యమంటారా?" అని అడుగుతుంది. ఆ ఆపరేషన్ ఏమిటో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. "ఎలాగూ కడుపు కోస్తున్నారు గదమ్మా, పన్లో పని అదీ అయిపోతుంది" అంటుంది అత్తగారు. కూతురికి మళ్ళీ ఇంకోసారి మత్తుమందు, ఇంకో కోత ఎందుకన్న భయంతో అమ్మాయి తల్లి కూడా సరేనంటుంది. భర్త ఫోను జేబులో పెట్టుకుని, నర్సు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తాడు. సెలైన్ సీసా కింద పడుకున్న అమ్మాయి దగ్గరికి ఆ కాగితం అందరికంటే చివర చేరుతుంది. కొన్నేళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే ఆ దంపతులు "ఇద్దరం అనుకునే చేయించాం" అనే చెబుతారు.

వాళ్ళు అబద్ధం ఆడుతున్నారని నేను అనుకోను. ఇద్దరు పిల్లలు చాలని వాళ్ళిద్దరూ నిజంగానే అనుకుని ఉంటారు, బహుశా మొదటి బిడ్డ పుట్టిన నాటి నుంచే. అయితే "ఎంతమంది" అన్న ఒక్క విషయం మీద కుదిరిన ఏకాభిప్రాయం, మిగతా విషయాలన్నిటి మీదా కుదిరినట్టుగా చెలామణీ అయిపోతోంది. కుటుంబ నియంత్రణ అని మనం ఒక్క మాటగా అనేదాంట్లో నిజానికి అనేక నిర్ణయాలు ముడిపడి ఉన్నాయి. పిల్లలు ఎంతమంది అన్నది ఒకటి, ఎప్పుడు, ఎంత ఎడంతో అన్నది మరొకటి, ఏ పద్ధతితో అన్నది ఇంకొకటి, ఆ పద్ధతి ఎవరి ఒంటి మీద అన్నది వీటన్నిటికంటే వేరు. తెలుగు ఇళ్ళలో మొదటిదాని మీద మాట్లాడుకుంటారు, రెండోది కాలానికి వదిలేస్తారు, మూడోది ఆసుపత్రి నిర్ణయిస్తుంది, నాలుగోదాన్ని ప్రశ్నగానే ఎవరూ గుర్తించరు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ నాలుగో ప్రశ్న గురించే.

2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు ఈ సంగతిని ఎంతో స్పష్టంగా చూపిస్తాయి. పెళ్ళయి 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న స్త్రీలలో ఆపరేషన్ చేయించుకున్న వారు దేశం మొత్తం మీద దాదాపు 38 శాతం ఉంటే, తెలంగాణలో సుమారు 62 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం ఉన్నారు. అదే సర్వేలో దేశవ్యాప్తంగా భర్త ఆపరేషన్ మీద ఆధారపడిన జంటలు వెయ్యికి మూడే. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రలు, గర్భసంచిలో అమర్చే కాపర్ టి, నిరోధ్ వాడుతున్నామని చెప్పినవారు విడివిడిగా ఒక్కో శాతం కూడా లేరు. అంటే ఆంధ్రలో కుటుంబ నియంత్రణ అన్న మాటకు ఆచరణలో ఉన్న అర్థం ఒక్కటే, ఆమెకు ట్యూబెక్టమీ, అంటే అండవాహికలను మూసేసే ఆపరేషన్. తమిళనాడు, కేరళలతో పాటు మనమూ సంతాన రేటును వేగంగా తగ్గించామని, ఆంధ్రలో అది 1.7కు, తెలంగాణలో 1.8కు చేరిందని గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఘనత వెనుక, పాతికేళ్ళు నిండకముందే శాశ్వత పద్ధతిని ఎంచుకున్న, లేదా ఎంచిపెట్టించుకున్న, ఆడవాళ్ళు లక్షల్లో ఉన్నారన్న సంగతిని మాత్రం పక్కన పెట్టేస్తాం.

వయసు సంగతి ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో సుమారు 29 శాతం మందికి, తెలంగాణలో సుమారు 23 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. పద్దెనిమిదికి పెళ్ళి, పంతొమ్మిదికి మొదటి కాన్పు, ఇరవై రెండుకు రెండో కాన్పుతో పాటే ఆపరేషన్ అన్నది మన పల్లెల్లో ఎంతోమంది ఆడపిల్లల జీవితక్రమం. అంటే సంతానం గురించిన అన్ని నిర్ణయాలూ, చాలామంది ఇంకా చదువుకుంటూ ఉండే వయసులోనే, ముగిసిపోతున్నాయి. పెళ్ళయిన ఆరు నెలల నుంచి "ఏమ్మా, విశేషమా?" అని అడగడం మొదలుపెట్టే చుట్టాల మధ్య, మొదటి బిడ్డ ఎప్పుడన్నది ఆ జంట తీరిగ్గా కూర్చుని ఆలోచించగల విషయంగా ఉండనే ఉండదు. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే జంటలు ఆ ఒత్తిడిని ఒకటి రెండేళ్ళు వాయిదా వేయగలుగుతున్నారు, అంతే.

ఇక ఎడం. బిడ్డ పుట్టిన తర్వాత మళ్ళీ గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండేళ్ళు ఆగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సూచన. ఆ రెండేళ్ళూ గడవడానికి మన ఇళ్ళలో ఉన్న ఆధారం పుట్టింట్లో కొన్ని నెలలు గడపడం, ఆపైన బిడ్డకు పాలిస్తే గర్భం రాదన్న నమ్మకం. పాలివ్వడం గర్భాన్ని ఆపుతుందన్నది నిజమే, కానీ బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, తల్లికి నెలసరి తిరిగి మొదలై ఉండకూడదు, బిడ్డకు పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప మరేమీ పట్టకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ నమ్మదగినది కాదు. పైగా నెలసరి కనిపించడానికి ముందే అండం విడుదల కావచ్చు కాబట్టి, "ఇంకా బయటే చేరలేదు, కడుపెలా వచ్చింది?" అని ఆశ్చర్యపోయే తల్లులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

తాత్కాలిక పద్ధతులు ఊరి ఆరోగ్య ఉపకేంద్రం దాకా వచ్చే ఉన్నాయి. నిరోధ్ 1968 నుంచి ఉంది. మాలా-ఎన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. కాన్పయిన 48 గంటల్లోపు వేయగల కాపర్ టి ఉంది, అందులో ఒక రకం పదేళ్ళ దాకా పనిచేస్తుంది. 2017లో మూడు నెలలకొకసారి తీసుకునే 'అంతర' అనే ఇంజెక్షన్, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన హార్మోన్లు లేని 'ఛాయ' అనే మాత్ర జాతీయ కార్యక్రమంలో చేరాయి. ఛాయను మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒకసారి వేసుకుంటే చాలు. ఇన్ని ఉన్నా వాడేవారు ఎందుకు లేరన్న ప్రశ్నకు అవగాహన లేకపోవడమే కారణమని చెప్పి ఊరుకోవడం తేలిక. కానీ ఈ పద్ధతుల్లో చాలావాటికి ఇంట్లో మరొకరి సహకారం కావాలి. ఇంజెక్షన్ తీసుకున్న మొదటి నెలల్లో రక్తస్రావం క్రమం తప్పుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. వైద్యపరంగా అది ఊహించిన మార్పే. నెలసరి రోజుల్లో వంటింటికీ పూజగదికీ దూరంగా ఉండే ఆనవాయితీ ఉన్న ఇంట్లో మాత్రం, తేదీ తప్పి కనిపించిన చుక్క రక్తం కూడా ఇంటిల్లిపాదికీ తెలిసిపోయే విషయమవుతుంది. "నెలకు రెండుసార్లేమిటి, ఏం మందులు మింగుతున్నావు?" అన్న అత్తగారి ప్రశ్నకు, భర్తకు ముందే అన్నీ తెలిసి ఉంటే ఒక రకమైన జవాబు ఉంటుంది, తెలియకపోతే ఉండదు. తెలియని ఇళ్ళలో చాలామంది రెండో ఇంజెక్షన్‌కు వెళ్ళరు. ఆపైన గర్భం నిలిస్తే రెండో కాన్పు, దాంతో పాటే ఆపరేషన్. తాత్కాలిక పద్ధతులు విఫలమవుతున్నది మందు లోపం వల్ల కాదని, ఆ మందు గురించి మొగుడూ పెళ్ళాల మధ్య మాట లేకపోవడం వల్లేనని నేను నమ్ముతాను.

మగవాళ్ళు ఈ వ్యవహారంలోంచి ఎప్పుడు తప్పుకున్నారు? మొదటి నుంచీ ఇలాగే ఉందనుకోవడం పొరపాటు. 1952లో భారత ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని మొదలుపెట్టిన తర్వాత చాలా ఏళ్ళపాటు ఆపరేషన్ అంటే ప్రధానంగా మగవారికి చేసే వేసెక్టమీయే. 1971 జులైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క నెలలో జరిగిన శిబిరంలో 60 వేలకు పైగా పురుషులు చేయించుకున్నారు. ఆ దారిని మూసేసింది అత్యవసర పరిస్థితి. 1976-77 సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే వాటిలో నాలుగింట మూడు వంతులు మగవారికే, చాలాచోట్ల బలవంతంగా, లక్ష్యాలు పూర్తిచేయడం కోసం. ఆ భయం, ఆ కోపం ఎన్నికల ఫలితాల్లో కూడా కనిపించాక ఏ ప్రభుత్వమూ మళ్ళీ మగవాడి జోలికి వెళ్ళే సాహసం చేయలేదు. కార్యక్రమం పేరును కుటుంబ సంక్షేమంగా మార్చారు, లక్ష్యాలను మాత్రం ఆడవాళ్ళ వైపు తిప్పారు. 1996లో లక్ష్యాల విధానాన్ని అధికారికంగా ఎత్తేసినా అలవాటు అలాగే మిగిలింది. బలవంతానికి ఎదురు తిరిగే శక్తి ఎవరికి తక్కువో వాళ్ళ మీదికి భారం జారిపోయిందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఆ జారిపోవడానికి ఖరీదు కూడా ఆడవాళ్ళే చెల్లించారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఆపరేషన్ శిబిరాల తర్వాత 13 మంది స్త్రీలు చనిపోయారు. దేవికా బిశ్వాస్ అనే ఆరోగ్య హక్కుల కార్యకర్త వేసిన కేసులో 2016లో సుప్రీంకోర్టు అలాంటి శిబిరాలను మూడేళ్ళలో ఆపేయాలని చెప్పింది. ఆ తర్వాత కూడా, 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే వారిలో నలుగురు చనిపోయారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడు వైద్యుల నిర్లక్ష్యం గురించి మాట్లాడతాం, మాట్లాడాల్సిందే. ఆ 34 మందిలో ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఒక భర్త ఉండి ఉంటాడని, అంతకంటే చాలా చిన్నదైన ఆపరేషన్ అతనికి చేసే వీలుందని మాత్రం ఎవరూ రాయలేదు.

చిన్నదని ఎందుకంటున్నానంటే, రెండింటిలో జరిగేది పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ట్యూబెక్టమీలో పొట్టలోకి వెళ్ళాలి, కోతతోనైనా, లాపరోస్కోపు గొట్టంతోనైనా. అండవాహికలు శరీరం లోపల ఉంటాయి, మత్తు కావాలి. వేసెక్టమీలో కత్తితో కోయాల్సిన పని కూడా లేదు. 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే వైద్యుడు రూపొందించిన పద్ధతిలో చర్మానికి మొద్దుబారడానికి సూది ఇచ్చి, ఒక చిన్న రంధ్రం చేసి, శుక్రకణాలు వచ్చే రెండు నాళాలనూ బయటికి తీసి, కత్తిరించి ముడివేస్తారు. మొత్తం పావుగంట, ఇరవై నిమిషాల పని, కుట్లు అవసరం లేదు, ఆ రోజే ఇంటికి వెళ్ళవచ్చు. రెండు రోజులు విశ్రాంతి, బరువు పనులకు ఒక వారం. వృషణాలు యథావిధిగా పనిచేస్తాయి, మగవాడిని మగవాడిగా ఉంచే హార్మోన్ రక్తంలోకి వెళుతుంది తప్ప ఆ నాళాల గుండా కాదు కాబట్టి కోరికలో గాని, బలంలో గాని, గడ్డం మీసాల్లో గాని తేడా రాదు. వీర్యంలో శుక్రకణాల పాలు చాలా తక్కువ కాబట్టి స్ఖలనంలో కూడా తేడా తెలియదు.

ఇది చెప్పిన ప్రతిచోటా ఎదురయ్యే మాట ఒకటుంది. "బస్తాలెత్తేవాడు, ట్రాక్టరు తోలేవాడు, వాడికి నరం కోస్తే రేపు సంసారం ఎవరు లాగుతారు?" ఈ మాట ఎక్కువగా తల్లుల నోటి నుంచి వస్తుంది, కొన్నిసార్లు భార్యల నోటి నుంచి కూడా. అందులో ఆర్థికమైన భయం నిజమైనదే, దినకూలీ మీద బతికే ఇంటికి ఒక వారం కూలి పోవడం చిన్న విషయం కాదు. కానీ పొలంలో నాట్లు వేసేది, కలుపు తీసేది, బిందెలు మోసేది, ఆ పైన పసిబిడ్డను ఎత్తుకునేది ఆమే. పొట్టలోకి వెళ్ళే ఆపరేషన్ తర్వాత ఆమె బరువులెత్తడం గురించి అదే ఇంట్లో అదే ఆదుర్దా వినిపించదు. ఆమె పనికి కూలి లెక్క లేదు కాబట్టి ఆమె విశ్రాంతికీ లెక్క లేదు. అయిదో సర్వేలో దేశంలోని పురుషులలో మూడో వంతు కంటే ఎక్కువ మంది, గర్భనిరోధం ఆడవాళ్ళ వ్యవహారమని, మగవాడు దాని గురించి బెంగపడనక్కర్లేదని ఒప్పుకున్నారు.

అయితే మగవాళ్ళ స్వభావమే అంత అని తేల్చేయడం కూడా తప్పు. ఉమ్మడి రాష్ట్రంలో కరీంనగర్, వరంగల్ వైపు వేసెక్టమీ చేయించుకున్న మగవారు మిగతా ప్రాంతాల కంటే స్పష్టంగా ఎక్కువ ఉండేవారు. అక్కడి మగవాళ్ళు కూడా పొలం పనులు చేసేవారే, బరువులెత్తేవారే. ఊళ్ళో నలుగురు చేయించుకుని, మరుసటి వారం అరక దున్నుతూ కనిపిస్తే అయిదోవాడి భయం పోతుంది. ఎవరూ చేయించుకోని ఊళ్ళో ఆ భయం తరతరాలుగా పరీక్షకు నిలబడాల్సిన అవసరమే లేకుండా బతికేస్తుంది.

ఇప్పుడు ఎక్కువగా చర్చకు రాని ఒక చిక్కు. వేసెక్టమీ వద్దని భార్యలే పట్టుబట్టే సందర్భాల్లో, భర్త ఆరోగ్యం మీది బెంగతో పాటు మరో కారణం ఉంటుంది. "ఆయనకు ఆపరేషన్ అయ్యాక పొరపాటున నాకు కడుపు వస్తే ఊరు ఏమంటుంది?" ఈ భయానికి వైద్యపరమైన ఆధారం ఉంది. నాళాలు కత్తిరించిన రోజు నుంచే రక్షణ మొదలవదు. కత్తిరించిన చోటికి పై భాగంలో అప్పటికే చేరి ఉన్న శుక్రకణాలు పోవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది, ఆ మూడు నెలలూ నిరోధ్ గాని, ఆమె మరో పద్ధతి గాని వాడాల్సిందే. ఈ సంగతి చెప్పకుండా పంపేస్తే, రెండో నెలలో వచ్చిన గర్భానికి అనుమానం పడేది ఆమె మీద. ట్యూబెక్టమీ కూడా కొన్నిసార్లు విఫలమవుతుంది, కానీ అప్పుడు ఆమెను ఎవరూ అనుమానించరు, డాక్టరును తిడతారు. కాబట్టి తన ఒంటి మీద కోతను ఎంచుకునే భార్య ఎన్నోసార్లు తన పరువును కాపాడుకునే మార్గాన్ని ఎంచుకుంటోంది. బయటినుంచి చూసేవారికి ఇది ఆమె ఇష్టపూర్వక నిర్ణయంలాగే కనిపిస్తుంది. సర్వే చేసేవారు అడిగితే ఆమె కూడా అలాగే చెబుతుంది.

ఈ విషయంలో చట్టం ఎక్కడ నిలబడిందో తెలిసినవారు తక్కువ. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఆపరేషన్‌కు భర్త సంతకం గాని, భార్య సంతకం గాని అవసరం లేదు. ఎవరి శరీరమో వారి అంగీకారం చాలు. స్త్రీకి 22 ఏళ్ళు నిండి 49 దాటకూడదు, పురుషుడికి 60 దాటకూడదు, కనీసం ఒక బిడ్డ ఉండి ఆ బిడ్డకు ఏడాది నిండి ఉండాలన్నవి సాధారణ నిబంధనలు. రెండో కాన్పుతో పాటే ఆపరేషన్ చేసేటప్పుడు ఈ చివరి నిబంధన మొదటి బిడ్డ వయసుతోనే తీరిపోతుంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం కింద కూడా పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె అంగీకారం తప్ప మరెవరి అంగీకారమూ అక్కర్లేదు. ఆచరణలో ఎన్నో ఆసుపత్రులు భర్త సంతకం లేనిదే ముందుకు కదలవు, రేపు ఆయన వచ్చి గొడవ పెట్టుకుంటే ఎవరు జవాబు చెబుతారన్న భయంతో. ఆ భయానికి మరో వైపు నుంచి కొంత ఊతం దొరికింది. 2007లో సమర్ ఘోష్, జయా ఘోష్ విడాకుల కేసులో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి ఇచ్చిన ఉదాహరణల్లో, వైద్య కారణం లేకుండా, భాగస్వామికి తెలియకుండా, అంగీకారం లేకుండా ఆపరేషన్ చేయించుకోవడాన్ని, అలాగే గర్భస్రావం చేయించుకోవడాన్ని కూడా చేర్చింది. అంటే ఆసుపత్రి గదిలో అడగాల్సిన అవసరం లేని అనుమతి, కుటుంబ న్యాయస్థానంలో అడిగి ఉండాల్సిన మాటగా తిరిగి రావచ్చు. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది గాని, నా ఉద్దేశంలో రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. శరీరం మీద చివరి మాట ఎవరిదన్నది ఒక ప్రశ్న, కలిసి బతికే మనిషికి ఇంత పెద్ద విషయం చెప్పావా లేదా అన్నది మరో ప్రశ్న.

ఈ తేడాను పట్టుకోకపోతే "ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి" అన్న మంచి మాటే ఆమెకు సంకెలగా మారే ప్రమాదం ఉంది. ఆఫ్రికాలోని జాంబియా రాజధాని లుసాకాలో ఆర్థికవేత్తలు చేసి, 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం దీన్ని చూపించింది. గర్భనిరోధక సేవలు త్వరగా, ఉచితంగా అందే వోచర్లను కొందరు స్త్రీలకు ఒంటరిగా ఉన్నప్పుడు, కొందరికి భర్తల ఎదుట ఇచ్చారు. ఒంటరిగా అందుకున్నవారే ఎక్కువగా వెళ్ళి ఆ సేవలు తీసుకున్నారు, భర్తకు కనిపించని పద్ధతులను ఎక్కువగా ఎంచుకున్నారు, అవాంఛిత కాన్పులు వారిలోనే తగ్గాయి. అయితే ఆ దాపరికం వాళ్ళ మనసు మీద భారం మోపిందన్న సంకేతాలు కూడా ఆ పరిశోధకులకు కనిపించాయి. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో జరిగిన మరో అధ్యయనం, అత్తగారితో కలిసి ఉండే కోడళ్ళకు ఇంటి బయట మనసు విప్పి మాట్లాడగల వ్యక్తులు తక్కువని, అందువల్ల కుటుంబ నియంత్రణ సేవల కోసం వెళ్ళడం కూడా తక్కువని తేల్చింది. వీటికి అవతలి వైపు మహారాష్ట్ర గ్రామాల్లో జరిగిన ప్రయోగం ఉంది. ఊళ్ళోని పురుష ఆరోగ్య కార్యకర్తలు భర్తలతో కూర్చుని, గర్భనిరోధం గురించే కాకుండా భార్యను సమానంగా చూడడం గురించి కూడా మాట్లాడారు, ఆ తర్వాత దంపతులిద్దరితో కలిపి మాట్లాడారు. అలా మాట్లాడిన చోట భార్యాభర్తల మధ్య ఈ విషయంపై సంభాషణ పెరిగింది, ఆధునిక పద్ధతుల వాడకం కూడా పెరిగింది. భర్తను గదిలోకి పిలవడం ఒక్కటే సరిపోదు, ఏ హోదాలో పిలుస్తున్నామన్నది చూడాలి. అనుమతి ఇచ్చేవాడిగా వచ్చినవాడు అడ్డంకి అవుతాడు, బాధ్యత పంచుకునేవాడిగా వచ్చినవాడు ఆసరా అవుతాడు.

అలాంటి సంభాషణ ఎలా ఉంటుందో నేను దగ్గరగా విన్న ఒక సందర్భం చెబుతాను. మా దూరపు బంధువుల అమ్మాయికి రెండోసారి ఏడో నెల. ఇంట్లో ఒక వేడుక అయిపోయిన మర్నాడు, చుట్టాలు వెళ్ళిపోయాక, పెరట్లో అరుగు మీద కూర్చుని భర్తను అడిగింది.

"ఏమండీ, ఈసారి కాన్పప్పుడు ఆపరేషన్ అంటారు. అందరూ నన్నే అడుగుతారు. మీరేమనుకుంటున్నారు?"

"ఇద్దరు చాలుగా మనకి?"

"ఇద్దరు చాలు, అది సరే. నేనడిగేది ఆపరేషన్ ఎవరికని."

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకెవరూ ఈ మాట ఇట్లా చెప్పలేదు. అమ్మకు తెలిస్తే ఊరుకోదు" అన్నాడు. "అత్తయ్యకు మీరే చెప్పాలి, నేను చెబితే నేను మిమ్మల్ని ఆడించినట్టవుతుంది" అంది ఆ అమ్మాయి. ఆ మాటల్లో ఒక నిర్ణయం తేలలేదు. కానీ ప్రశ్న ఒకసారి బయటికి వచ్చింది, ఆసుపత్రి వరండాలో కాగితం పట్టుకుని నర్సు నిలబడడానికి రెండు నెలల ముందు. ఆ రెండు నెలల్లో అతను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టరును ఒంటరిగా కలిసి మాట్లాడాడు, బరువుల సంగతి అడిగాడు, విఫలమయ్యే అవకాశం గురించి అడిగాడు.

తెలంగాణలో పదిలో ఆరు కాన్పులు, ఆంధ్రలో నాలుగు సిజేరియన్లే అవుతున్నప్పుడు "పన్లో పని" అన్న వాదన బలంగానే ఉంటుంది. మరోసారి ఆసుపత్రికి రావాల్సిన పని లేకపోవడం నిజంగా ఒక సౌకర్యమే, తెలిసి, ఆలోచించి దాన్ని ఎంచుకున్న స్త్రీని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా అభ్యంతరం ఆ ప్రశ్నను అడిగే సమయం మీద. అప్పుడే పుట్టబోయే బిడ్డ బతికి బట్టకట్టాలి, మొదటి ఏడాది గడవాలి. ఆపరేషన్‌ను వెనక్కి తిప్పే శస్త్రచికిత్స ఉన్నా అది కష్టమైనది, ఖరీదైనది, ఫలితానికి భరోసా లేనిది. 2004 సునామీలో పిల్లలను పోగొట్టుకున్న తల్లుల కోసం తమిళనాడు ప్రభుత్వం ఆ శస్త్రచికిత్సను ఉచితంగా చేయిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. శాశ్వతం అన్న మాట బరువు ఏమిటో ఆ తల్లులకు తెలుసు. కాన్పు సమయంలో కాపర్ టి వేయించుకుని, చిన్న బిడ్డకు రెండు మూడేళ్ళు వచ్చాక ఇద్దరిలో ఎవరికి ఆపరేషన్ అన్నది తీరిగ్గా ఆలోచించే దారి ఒకటి ఉందని ఆ వరండాలో ఎవరైనా చెప్పాలి.

ప్రభుత్వాల స్వరం ఇప్పుడు మారుతోంది. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీ చేయరాదని తొంభైల్లో తెచ్చిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తొలగించింది. ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రి స్థాయిలోనే పిలుపు వినిపించింది. నలభై ఏళ్ళపాటు "మేమిద్దరం, మాకిద్దరు" అని గోడల మీద రాసిన చేతులే ఇప్పుడు వేరే అంకె రాయబోతున్నాయేమో. అంకె ఏదైనా కావచ్చు, దాన్ని దంపతుల మధ్య నుంచి లాక్కునే అధికారం గోడకు లేదు. తక్కువ కనమన్నప్పుడు కోత పడింది ఆమె ఒంటి మీద, ఎక్కువ కనమన్నా కాన్పు ఆమెదే.

పైన చెప్పిన అమ్మాయికి సాధారణ కాన్పే అయింది. ఆడపిల్ల. "ఇద్దరూ ఆడపిల్లలే, ఇంకొకటి చూడండి" అన్నవారికి ఆమె భర్తే జవాబు చెప్పుకున్నాడు. బిడ్డకు ఏడాది దాటాక అతను వేసెక్టమీ చేయించుకున్నాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, తల్లికి చెప్పాడు. ఆశా కార్యకర్త మూడు నెలలకు సరిపడా నిరోధ్ ప్యాకెట్లు ఇచ్చి, మూడు నెలల తర్వాత వీర్య పరీక్షకు తప్పకుండా రమ్మంది. చాలామంది మగవాళ్ళు ఆ పరీక్షకు వెళ్ళరు, అంతా అయిపోయిందనుకుంటారు. అతను వెళ్ళాడు. శుక్రకణాలు లేవని రాసిన ఆ చీటీని ఇంటికి తెచ్చి, భార్య రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం దాచుకునే రేకు పెట్టెలో, ఆమె ఎదుటే పెట్టాడు.